పద్దెనిమిది క్రెడిట్లు పూర్తయ్యే వేళ యూనివర్సిటీ మారాలా?

ప్రశ్న: నమస్కారమండీ. మాది ఖమ్మం దగ్గర ఒక పల్లె. హైదరాబాద్‌లో బీటెక్ చదివి, కంప్యూటర్ సైన్స్‌లో ఎంఎస్ చేయడానికి గత ఆగస్టులో అమెరికా వచ్చాను. నా యూనివర్సిటీ మిస్సోరి రాష్ట్రంలో ఒక చిన్న ఊళ్లో ఉంది. డిగ్రీకి 33 క్రెడిట్లు కావాలి, క్రెడిట్‌కు 1,000 డాలర్లు. మొదటి సెమిస్టర్‌లో 9 పూర్తయ్యాయి, ఇప్పుడు మరో 9 నడుస్తున్నాయి. మే నెలకు 18 అవుతాయి. మెషిన్ లెర్నింగ్ చెప్పే ప్రొఫెసర్ వెళ్లిపోవడంతో ఆ కోర్సు రద్దు చేశారు. మిగిలినవి బీటెక్ పాఠాలే మళ్లీ వింటున్నట్టున్నాయి. ఊళ్లో చెప్పుకోదగ్గ కంపెనీ ఒక్కటీ లేదు. చలి, ఒంటరితనం సరేసరి. జనవరి నుంచి క్యాంపస్ డైనింగ్ హాల్లో వారానికి 20 గంటల పని దొరికింది, దాంతో నెల ఖర్చు 900 డాలర్లు గడిచిపోతోంది. డాలస్‌లో ఉన్న మా పెద్దమ్మ కూతురు "ఇక్కడికి వచ్చేయి, మనవాళ్లందరూ ఇక్కడే ఉన్నారు" అంటోంది. అక్కడి ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో 30 క్రెడిట్ల కోర్సు ఉంది, స్కాలర్‌షిప్ వస్తే క్రెడిట్‌కు 550 డాలర్లేనట. మా సీనియర్ ఇంకో యూనివర్సిటీ పేరు చెప్పాడు. చేరిన రోజు నుంచే సీపీటీ (చదువుతూనే బయట ఉద్యోగం చేసుకునే అనుమతి) ఇస్తారట, నెలకు ఒక వారాంతం వెళ్తే చాలట, ఉద్యోగం ఒక కన్సల్టెన్సీ చూపిస్తుందట. నాన్న ఇల్లు తాకట్టు పెట్టి బ్యాంకులో 35 లక్షల రుణం తీసుకున్నారు. అందులో 24 లక్షలు ఇప్పటికే వాడాం, వడ్డీ 11 శాతం. మారాలా? మారితే ఎక్కడికి? నాన్నకు ఇంకా ఏమీ చెప్పలేదు.
– పేరు రాయవద్దు, మిస్సోరి

సమాధానం:

అమ్మా, అంకెలన్నీ దాచకుండా రాసి మంచి పని చేశారు. యూనివర్సిటీ మార్పు గురించి వచ్చే ఉత్తరాల్లో ర్యాంకులు, స్నేహితులు, వాతావరణం ఉంటాయి కానీ ఎన్ని క్రెడిట్లు పూర్తయ్యాయో, ఇంకా ఎన్ని మిగిలాయో ఉండదు. అవి తెలియకుండా ఎవరూ మీకు నిజాయితీగా జవాబు చెప్పలేరు. మీరు చెప్పారు కాబట్టి నేనూ నాన్చకుండా చెబుతాను. సీనియర్ చూపించిన చోటికి వెళ్లవద్దు. డాలస్‌కు మారడం ఇప్పుడు, అంటే 18 క్రెడిట్లు పూర్తయ్యాక, మీకు నష్టం. ఉన్నచోటే డిగ్రీ పూర్తిచేయండి. అయితే ఇప్పుడున్న పద్ధతిలోనే రోజులు నెట్టుకురమ్మని నా ఉద్దేశం కాదు. మిస్సోరిలో ఉంటూనే మీరు మార్చుకోగలిగినవి చాలా ఉన్నాయి.

ముందుగా లెక్క చూద్దాం. క్రెడిట్‌కు 1,000, క్రెడిట్‌కు 550 అని పక్కపక్కన పెడితే డాలస్ సగం ధరకే వస్తున్నట్టు కనిపిస్తుంది. కానీ మీరు కట్టాల్సింది మిగిలిన క్రెడిట్లకు. ఇక్కడ మీకు మే తర్వాత మిగిలేవి 15, అంటే 15,000 డాలర్లు. డాలస్‌లో ఎన్ని మిగులుతాయన్నది వాళ్లు మీ 18లో ఎన్నింటిని ఒప్పుకుంటారన్నదాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలో మాస్టర్స్ స్థాయిలో బయటి క్రెడిట్లను చాలా యూనివర్సిటీలు ఆరు నుంచి తొమ్మిది వరకే ఒప్పుకుంటాయి. అవి కూడా బి గ్రేడుకు తగ్గకూడదు, వాళ్ల కోర్సులతో సరిపోలాలి. ఆరు ఒప్పుకున్నారనుకుందాం. 30లో 24 మిగులుతాయి. 24ను 550తో గుణిస్తే 13,200 డాలర్లు. మీకు మిగిలేది 1,800 డాలర్లు మాత్రమే.

ఆ 1,800 కోసం ఎంత కాలం ఇస్తున్నారో చూడండి. ఇక్కడ శరదృతువు సెమిస్టర్‌లో 9, ఆ పై వసంతంలో 6 తీసుకుంటే వచ్చే ఏడాది మే నెలకు పట్టా చేతికొస్తుంది. చివరి సెమిస్టర్‌లో డిగ్రీకి కావలసినవే మిగిలితే, మామూలుగా తప్పనిసరి అయిన తొమ్మిదికి తక్కువ తీసుకోవడానికి డీఎస్ఓ (విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే యూనివర్సిటీ అధికారి) అనుమతిస్తారు. డాలస్‌లో 24 క్రెడిట్లంటే 9, 9, 6. అంటే వచ్చే ఏడాది డిసెంబరు. ఏడు నెలలు ఎక్కువ. నెలకు 900 చొప్పున 6,300 డాలర్లు. దానికి తోడు నాన్న పేరు మీద ఉన్న 24 లక్షలకు 11 శాతం చొప్పున నెలకు 22,000 రూపాయల వడ్డీ పెరుగుతూనే ఉంటుంది, ఏడు నెలలకు 1,54,000. ఆ ఏడు నెలల్లో మీరు సంపాదించగలిగిన జీతం సంగతి నేను లెక్కలోకే తీసుకోలేదు. డాలస్‌లో కారు లేకుండా కదలడం కష్టమన్న సంగతీ వదిలేశాను. ఇక డైనింగ్ హాలు పని. క్యాంపస్ ఉద్యోగం ఆ క్యాంపస్‌కే కట్టుబడి ఉంటుంది. మారితే అది పోతుంది, కొత్తచోట వెంటనే ఇంకోటి దొరుకుతుందన్న హామీ లేదు.

550 అన్న ఆ అంకె కూడా స్కాలర్‌షిప్ వస్తేనే. టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఒక మంచి నిబంధన ఉంది. పోటీ పద్ధతిలో ఇచ్చే స్కాలర్‌షిప్ ఏడాదికి కనీసం 1,000 డాలర్లు వస్తే, బయటి రాష్ట్రం వాళ్లకూ విదేశీ విద్యార్థులకూ టెక్సాస్ వాళ్లు కట్టే ఫీజే వర్తింపజేయవచ్చు. డాలస్ చుట్టుపక్కల ఉన్న డెంటన్, ఆర్లింగ్టన్, రిచర్డ్‌సన్ క్యాంపస్‌ల గురించి మనవాళ్లు "అక్కడ ఫీజు తక్కువ" అని చెప్పుకోవడానికి ఒక కారణం ఇదే. కానీ అది అందరికీ రాదు, ఎంతమందికి ఇవ్వవచ్చో చట్టమే పరిమితి పెట్టింది. ఏటా మళ్లీ రావాలి, గ్రేడ్లు నిలబెట్టుకోవాలి. మీ అక్క చెప్పిన మాట నిజమే అయినా, మీ పేరు మీద స్కాలర్‌షిప్ లేఖ వచ్చేదాకా దాన్ని మీ లెక్కలో వేసుకోకండి.

ఇదే ఉత్తరం మీరు డిసెంబరులో, 9 క్రెడిట్లు మాత్రమే పూర్తయినప్పుడు రాసి ఉంటే నా జవాబు వేరుగా ఉండేది. అప్పుడు ఇక్కడ మిగిలేవి 24, అక్కడ ఆరు ఒప్పుకుంటే మిగిలేవీ 24. కాలం సమానం. ఫీజులో మాత్రం 24,000కు 13,200. పది వేల ఎనిమిది వందల డాలర్ల తేడా, చిన్నది కాదు. ఇది చదువుతున్నవాళ్లలో ఇప్పుడే మొదటి సెమిస్టర్‌లో ఉండి, మారాలా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి ఇంకో సెమిస్టర్ "చూద్దాం" అనుకోకండి. మాస్టర్స్‌లో బదిలీకి అనువైన సమయం మొదటి సెమిస్టర్ చివరే. ఆ తర్వాత చదివిన ప్రతి కోర్సూ మిమ్మల్ని ఉన్నచోటికే కట్టిపడేస్తుంది.

ఇప్పుడు సీనియర్ చెప్పిన చోటు. దీని గురించి నేను గట్టిగానే మాట్లాడాలి, ఎందుకంటే మన పిల్లలు దెబ్బతిన్నది ఇలాంటి చోట్లే.

సీపీటీ అంటే చదువులో భాగంగా చేసే ఉద్యోగ శిక్షణ. మామూలుగా ఒక పూర్తి విద్యా సంవత్సరం చదివాకే దానికి అర్హత వస్తుంది. కోర్సు స్వభావాన్ని బట్టి వెంటనే శిక్షణ తప్పనిసరి అయిన పీజీ ప్రోగ్రాములకు మాత్రం మినహాయింపు ఉంది. "మొదటి రోజు సీపీటీ" అని ప్రచారం చేసుకునే యూనివర్సిటీలు ఆ మినహాయింపు మీదే నడుస్తాయి. వాటిలో గుర్తింపు ఉన్నవీ ఉన్నాయి, అన్నింటినీ దొంగవని నేను అనను. కానీ మీ పరిస్థితిలో అది ఎందుకు పనికిరాదో వినండి. ఒక డిగ్రీ స్థాయిలో పూర్తికాలపు సీపీటీ 12 నెలలు వాడితే ఆ స్థాయిలో ఓపీటీ, అంటే చదివిన రంగంలో పట్టా వచ్చాక ఉద్యోగం చేసుకునే అనుమతి, పోతుంది. మొదటి 12 నెలల ఓపీటీ లేకపోతే దాని మీద వచ్చే 24 నెలల స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం కోర్సుల) పొడిగింపూ ఉండదు. అంటే ఇప్పుడు దొరికే ఏదో ఒక ఉద్యోగం కోసం, పట్టా వచ్చాక మీకు దక్కగల 36 నెలలను వదులుకుంటున్నారన్నమాట. ఆ సీనియర్ మీకు ఈ మాట చెప్పాడా? చెప్పి ఉంటే మీరు ఉత్తరంలో రాసేవారు.

నెలకు ఒక వారాంతం వెళ్తే చాలన్నది ఇంకో ప్రమాదం. తర్వాత హెచ్-1బీ (ఉద్యోగ వీసా) దరఖాస్తు దశలో, "తరగతులకు ఎలా హాజరయ్యారు, ఉద్యోగానికీ చదువుకూ సంబంధం ఏమిటి, యూనివర్సిటీ ఒక రాష్ట్రంలో, ఉద్యోగం ఇంకో రాష్ట్రంలో ఉంటే ఎలా కుదిరింది" అని అధికారులు ఆధారాలు అడగవచ్చు. అప్పుడు సమాధానం చెప్పుకోవాల్సింది మీరే. కన్సల్టెన్సీ అయితే మరీ జాగ్రత్త. చూపించే ఉద్యోగానికి లేని అనుభవాన్ని రెజ్యూమెలో రాయమంటే, ఆ క్షణమే ఫోను పెట్టేయండి.

మీకంటే ముందు తరం వాళ్లకు జరిగింది మీకు తెలిసి ఉండకపోవచ్చు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద అమెరికా అధికారులు దాడి చేశారు. అందులో చేరినవాళ్లలో ఎక్కువమంది భారతీయులు, వాళ్లలోనూ ఆంధ్రప్రదేశ్ పిల్లలు చాలామంది. కొందరి కాళ్లకు నిఘా పరికరాలు కట్టారు. దాని స్థాపకురాలికి 2014లో పదహారేళ్లకు పైగా జైలుశిక్ష పడింది కానీ, పిల్లలందరికీ చదువు, వీసా తిరిగి రాలేదు. 2019 జనవరిలో మిషిగన్ రాష్ట్రంలో యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్‌టన్ సంగతి బయటపడింది. అది అమెరికా భద్రతా విభాగమే వల పన్ని నడిపిన బూటకపు యూనివర్సిటీ. తరగతులు లేవు, పాఠాలు చెప్పేవాళ్లు లేరు. మొదటి విడతలోనే 129 మంది భారతీయ విద్యార్థులను అదుపులోకి తీసుకున్నారు. విద్యార్థులను చేర్పించి సొమ్ము తీసుకున్నారని పట్టుబడ్డ దళారుల్లో తెలుగువాళ్లు ఉన్నారు. నన్ను ఇప్పటికీ బాధపెట్టే విషయం ఏమిటంటే, ఫార్మింగ్‌టన్‌లో చేరినవాళ్లలో ఎంతోమంది అంతకుముందు అసలైన యూనివర్సిటీల్లో చదువుతూ బదిలీ అయి వెళ్లినవాళ్లు. "ట్రాన్స్‌ఫర్ తేలిక, క్లాసులు ఉండవు, పని చేసుకోవచ్చు" అని చెప్పింది కూడా ఎక్కడో తెలియనివాళ్లు కాదు. సీనియర్లూ గదిలో కలిసి ఉన్నవాళ్లూ.

అందుకే ఏ యూనివర్సిటీ పేరు ఎవరు చెప్పినా, రెండు చోట్ల చూడండి. అమెరికా విద్యా శాఖ గుర్తింపు పొందిన విద్యాసంస్థల జాబితాను ఆన్‌లైన్‌లో ఉంచుతుంది, అందులో ఆ పేరు ఉండాలి. విదేశీ విద్యార్థులను చేర్చుకోవడానికి అనుమతి ఉన్న సంస్థల జాబితాలోనూ ఉండాలి. ఈ రెండోదానిలో మాత్రమే ఉండటం చాలదు, ఫార్మింగ్‌టన్ అందులో ఉండేది. ఆ తర్వాత క్యాంపస్‌కు ఫోను చేసి, వచ్చే సెమిస్టర్‌లో మీ కోర్సుకు ఏయే తరగతులు ఏ రోజుల్లో ఏ గదుల్లో జరుగుతాయో అడగండి. నిజమైన యూనివర్సిటీ దగ్గర ఆ షెడ్యూలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

ఇక ఉన్నచోటే ఉంటే మీ బాధలు తీరేదెలా? మీరు రాసినవాటిలో యూనివర్సిటీకి సంబంధించినది నిజానికి ఒక్కటే, ఆ రద్దయిన మెషిన్ లెర్నింగ్ కోర్సు. కంపెనీలు లేకపోవడం ఊరికి సంబంధించినది, ఒంటరితనం మనసుకు సంబంధించినది. వాటికి బదిలీయే మందు అనుకోవద్దు.

కోర్సు విషయానికి వస్తే, మీ డిగ్రీలోకి కూడా బయటి క్రెడిట్లను కొన్నింటిని ఒప్పుకునే అవకాశం ఉంటుంది. అంటే యూనివర్సిటీ మారకుండా ఒక కోర్సును మాత్రం వేరే చోట చదివి ఇక్కడికి తెచ్చుకోవచ్చు. మిస్సోరిలోనే కాన్సస్ సిటీలో, సెయింట్ లూయిస్‌లో, రోలాలో కంప్యూటర్ సైన్స్ విభాగాలున్న యూనివర్సిటీలు ఉన్నాయి. వేసవి మీకు సెలవు కాలం, పూర్తిస్థాయి కోర్సుల నిబంధన వర్తించదు. కాబట్టి వేసవిలో మెషిన్ లెర్నింగ్‌ను ఆన్‌లైన్‌లో చదివినా ఇబ్బంది లేదు. మిగతా సెమిస్టర్లలో అయితే పూర్తిస్థాయి లెక్కకు ఒక్క ఆన్‌లైన్ కోర్సునే పరిగణిస్తారు, అది మరవకండి. చేరకముందే మీ గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్ దగ్గరకు ఆ కోర్సు సిలబస్ తీసుకెళ్లి, "దీన్ని నా డిగ్రీలో లెక్కిస్తారా" అని అడిగి ఈమెయిల్‌లో జవాబు తీసుకోండి. డీఎస్ఓకు కూడా ముందే చెప్పండి.

మరో మాట. ఆ ప్రొఫెసర్ ఎక్కడికి వెళ్లారో కనుక్కున్నారా? కొత్తగా చేరిన ప్రొఫెసర్లకు తరచుగా పరిశోధక విద్యార్థులు కావాల్సి వస్తారు. మీరు ఆయన దగ్గర బాగా చదువుకుని ఉంటే, చేసిన ప్రాజెక్టు ఒక పేజీలో రాసి పంపండి. ఆయన దగ్గర నిధులుండి, రీసెర్చ్ అసిస్టెంట్‌గా తీసుకుంటానని లిఖితపూర్వకంగా చెబితే, ట్యూషన్ ఫీజు మాఫీ అయితే, అప్పుడు నేను పైన వేసిన లెక్క మొత్తం తిరగబడుతుంది. నేను మారమని చెప్పే సందర్భాల్లో అదొకటి. ఇప్పుడున్న యూనివర్సిటీ గుర్తింపు ప్రమాదంలో పడినా, మీ ప్రోగ్రామునే మూసేస్తున్నా, అక్కడ మీ భద్రతకు ముప్పు ఉన్నా కూడా మారాల్సిందే. అలాంటప్పుడు క్రెడిట్ల నష్టం గురించి ఆలోచించనక్కరలేదు. మీ ఉత్తరంలో వాటి ఛాయలేవీ నాకు కనిపించలేదు.

ఊళ్లో కంపెనీలు లేవన్న బాధ నాకు అర్థమైంది. కానీ మేతో మీకు ఒక పూర్తి విద్యా సంవత్సరం నిండుతుంది, అంటే మామూలు పద్ధతిలోనే సీపీటీకి అర్హులవుతారు. వేసవి ఇంటర్న్‌షిప్ దేశంలో ఎక్కడైనా చేయవచ్చు. డాలస్‌లో దొరికితే డాలస్‌లోనే చేయండి, మీ అక్క వాళ్లింట్లో ఉండండి. బదిలీ పెట్టుకుంటే ఈ వేసవి చేజారిపోతుంది, ఎలాగో చెబుతాను. మీ సెవిస్ రికార్డు (విదేశీ విద్యార్థుల వివరాలు ఉండే ప్రభుత్వ డేటాబేస్‌లోది) పాత యూనివర్సిటీ నుంచి కొత్తదానికి వెళ్లే రోజును విడుదల తేదీ అంటారు. అది మే నెలలో పెడితే పాతవాళ్లు ఆ తర్వాత సీపీటీ ఇవ్వలేరు, కొత్తవాళ్లు తరగతులు మొదలయ్యేదాకా ఇవ్వరు. మొదలయ్యాక కూడా, తమ దగ్గర కొన్నాళ్లు చదివితే తప్ప ఇవ్వమనే యూనివర్సిటీలు ఉన్నాయి. ఉద్యోగాలు దొరకడం లేదని మారబోయి, అందుబాటులోకి వచ్చిన ఇంటర్న్‌షిప్ అవకాశాన్ని పోగొట్టుకోకండి. మొత్తం 12 నెలల పూర్తికాలం కానంతవరకు వేసవి సీపీటీ మీ ఓపీటీని ముట్టుకోదు.

ఒంటరితనాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. మొదటి చలికాలం చాలామందిని కుంగదీస్తుంది. సాయంత్రం అయిదు గంటలకే చీకటి పడటం, తెలుగు మాట వినిపించకపోవడం, అమ్మకు ఫోను చేస్తే అక్కడ అర్ధరాత్రి కావడం – ఇవన్నీ కలిసి "ఈ ఊరే తప్పు" అనిపిస్తాయి. మీ యూనివర్సిటీలో కౌన్సెలింగ్ కేంద్రం ఉంటుంది, చాలాచోట్ల విద్యార్థులకు ఆ సేవ ఉచితం. అక్కడికి వెళ్లడం నామోషీ ఏమీ కాదు, ఇంట్లోవాళ్లకు తెలుస్తుందన్న భయమూ అక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ తగిలాక కూడా మనసు ఇలాగే ఉంటే, నిద్ర, తిండి సరిగా లేకపోతే, ఈ డబ్బు లెక్కలు పక్కన పెట్టి మీ అక్కతో మాట్లాడండి. అప్పుడు డాలస్‌కు వెళ్లడానికి 4,500 డాలర్లు ఎక్కువైనా నేను వెళ్లమనే అంటాను.

ఇంత విన్నాక కూడా మారాలనే మీ మనసు చెబితే, సరే. కానీ ఒక క్రమం తప్పకండి. ముందు కొత్త యూనివర్సిటీ నుంచి ప్రవేశ లేఖ, తర్వాత స్కాలర్‌షిప్ లేఖ, తర్వాత క్రెడిట్ల మీద మాట. ఆ మూడోది రాబట్టడమే కష్టం. చాలా విభాగాలు "చేరాక చూస్తాం" అంటాయి. మీ కోర్సుల సిలబస్‌లు, గ్రేడ్లు జతచేసి గ్రాడ్యుయేట్ అడ్వైజర్‌కు నేరుగా రాయండి, "అధికారిక నిర్ణయం తర్వాతే అని తెలుసు, ప్రాథమికంగా వీటిలో ఏవి సరిపోతాయో చెప్పగలరా" అని మర్యాదగా అడగండి. చాలామంది జవాబిస్తారు. ఒక సంగతి ముందే తెలిసి ఉండాలి, బదిలీలో క్రెడిట్లు వెళ్తాయి కానీ మీ జీపీఏ (గ్రేడ్ల సగటు) వెళ్లదు. అక్కడ మళ్లీ సున్నా నుంచి మొదలు.

ఈ మూడూ చేతికి వచ్చాకే మీ డీఎస్ఓ దగ్గర విడుదల తేదీ పెట్టించుకోండి. ఆ తేదీ రాకముందు మనసు మార్చుకుంటే ఆపించుకోవచ్చు. దాటాక మీ రికార్డు మీద పాతవాళ్లకు అధికారం ఉండదు. కొత్త యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 (విద్యార్థి వీసాకు ఆధారమైన ధ్రువపత్రం) మీద సెవిస్ నంబరు పాతదే ఉంటుంది, 350 డాలర్ల సెవిస్ రుసుము మళ్లీ కట్టనక్కరలేదు. పాస్‌పోర్టులో పాత యూనివర్సిటీ పేరుతో ఉన్న వీసా గడువు తీరకపోతే అదే చెల్లుతుంది, అయితే ఇండియా వెళ్లి వచ్చేటప్పుడు కొత్త ఐ-20 చేతిలో ఉండాలి. విడుదల తేదీ నుంచి అయిదు నెలల లోపు కొత్తచోట తరగతులు మొదలవ్వాలి. మే నుంచి ఆగస్టు అయితే ఇబ్బంది లేదు, ఒక సెమిస్టర్ ఆగి జనవరిలో చేరదామంటే కుదరదు. కొత్త ఐ-20 మొదటి పేజీలో ప్రోగ్రాము పేరు దగ్గర ఆరంకెల సంకేతం ఉంటుంది. అది స్టెమ్ జాబితాలో ఉందో లేదో సరిచూసుకోండి, పేరులో "టెక్నాలజీ" అని ఉన్నంత మాత్రాన స్టెమ్ అయిపోదు. పాత యూనివర్సిటీకి ఫీజు బకాయి ఏదైనా ఉంటే తీర్చేయండి, లేకపోతే ట్రాన్‌స్క్రిప్ట్ ఆపేసే చోట్లు ఉన్నాయి. ఇంటి లీజు ఎప్పటిదాకా ఉందో కూడా చూసుకోండి.

నిబంధనలు కదులుతున్న కాలం ఇది. 2025 ఆగస్టులో అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ శాఖ విద్యార్థి వీసాల మీద పెద్ద ప్రతిపాదన ఒకటి ప్రచురించింది. అమెరికాలో ఉండే కాలానికి గరిష్ఠంగా నాలుగేళ్ల గడువు పెట్టడం, పీజీ విద్యార్థులు మధ్యలో ప్రోగ్రాము మార్చుకోకుండా ఆపడం, చదువు ముగిశాక ఉండే 60 రోజుల వెసులుబాటును 30కి తగ్గించడం అందులో ఉన్నాయి. బదిలీ గురించి ఆలోచించే ఎవరైనా ఫీజు కట్టే ముందు, "ఈ రోజున నాకు ఏ నిబంధన వర్తిస్తుంది" అని డీఎస్ఓను అడిగి తీరాలి. ఏజెంటునో సీనియర్‌నో అడిగితే చాలదు. నా ఈ జవాబు కూడా డీఎస్ఓ మాటకు ప్రత్యామ్నాయం కాదు.

ఇంకా ఇండియాలోనే ఉండి, ఒక యూనివర్సిటీ ఐ-20తో వీసా వేయించుకుని, "దిగాక వేరేదానికి మారిపోతాను" అనుకుంటున్నవాళ్లకు ఒక్క మాట. విమానం దిగిన చోట అధికారి ఏ యూనివర్సిటీకి వెళ్తున్నావని అడుగుతాడు. వీసా తీసుకున్న యూనివర్సిటీలో చేరి, కనీసం ఒక సెమిస్టర్ సరిగా చదివి, ఆ తర్వాతే బదిలీ మాట ఎత్తండి.

చివరగా మీ నాన్నగారి విషయం. ఆయనకు చెప్పకుండా ఏ అడుగూ వేయకండి. గౌరవం కోసం మాత్రమే కాదు, బ్యాంకు కోసం కూడా. విద్యా రుణం మంజూరైంది ఆ యూనివర్సిటీ పేరుకు, ఆ కోర్సుకు. యూనివర్సిటీ మారితే మిగిలిన 11 లక్షలు విడుదల చేయడానికి బ్రాంచిలో కొత్త ఐ-20, కొత్త ఫీజు వివరాలు ఇచ్చి మళ్లీ ఆమోదం తీసుకోవాలి. సంతకాలకు వెళ్లాల్సింది ఆయనే. చదువు కాలం పెరిగితే వాయిదాలు మొదలయ్యే తేదీ ఏమవుతుందో కూడా బ్యాంకే చెప్పాలి. మీరు దాచి ఉంచితే ఈ సంగతి ఆయనకు మేనేజరు నోట తెలుస్తుంది.

ఈ ఆదివారమే ఆయనతో మాట్లాడండి. ఇక్కడ ఉంటే ఎంత, డాలస్ వెళ్తే ఎంత, పట్టా ఎప్పుడు అన్నవి ఒక కాగితం మీద రాసి ఫొటో పంపి, తర్వాత ఫోను చేయండి. ఇల్లు తాకట్టు పెట్టిన మనిషికి వడ్డీ లెక్క కొత్త కాదు, మీకంటే తొందరగా అర్థం చేసుకుంటారు. కోర్సు రద్దయిన సంగతి, ఒంటరిగా అనిపిస్తోందన్న సంగతి కూడా చెప్పండి. సోమవారం గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్ దగ్గరకు వేసవి కోర్సు సంగతి అడగడానికి వెళ్లండి, దానికి గడువులు దగ్గరపడుతుంటాయి. డాలస్ యూనివర్సిటీ వాళ్లు మీ 18 క్రెడిట్లలో 9 కంటే ఎక్కువ ఒప్పుకుంటామని రాసి ఇచ్చినా, ఆ ప్రొఫెసర్ దగ్గర నుంచి మంచి జవాబు వచ్చినా మళ్లీ రాయండి. ఆ అంకెలతో ఇంకోసారి లెక్క వేద్దాం.